పోప్స్ క్రీక్ వనభోజనం: వాలంటీర్ల చర్చ

కార్యక్రమ సమన్వయం:
అందరికీ నమస్కారం. ఈసారి కార్తీక వనభోజనం ఎప్పుడూ వెళ్లే పార్కులో కాకుండా వర్జీనియాలో పోప్స్ క్రీక్ దగ్గర, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పుట్టిన చోట పెట్టుకుందామని మొన్న అనుకున్నాం కదా. అది నేషనల్ పార్క్ సర్వీస్ (అమెరికా ప్రభుత్వ పార్కుల శాఖ) స్థలం. ఇంతమందిమి వస్తున్నామని ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి, ఆ పని నేను చూస్తాను. ఫ్రెడరిక్స్‌బర్గ్ నుంచి 3వ నంబరు రోడ్డు మీద తూర్పుకి 38 మైళ్లు ఉంటుంది. కార్‌పూల్ షీట్‌లో పేర్లు త్వరగా రాయండి. పెద్దవాళ్లకి ముందు సీట్లు ఇద్దాం.

ఫ్లయర్ డిజైన్:
డ్రాఫ్ట్ పెట్టాను. ఎర్ర ఇటుకల ఇంటి ఫొటో, కింద "వాషింగ్టన్ పుట్టిన ఇల్లు" అని. చూసి చెప్పండి.

పిల్లల బృందం:
తమ్ముడూ, ఫ్లయర్ చాలా బాగుంది. ఆ ఒక్క మాట మాత్రం మార్చాలి. ఆయన పుట్టింది ఆ ఇంట్లో కాదు. అది ఆయన ద్విశతజయంతి కోసం 1930-31లో కట్టిన మెమోరియల్ హౌస్. పాత ఇంటి నకలు కూడా కాదు, ఎందుకంటే అసలు ఇల్లు ఎలా ఉండేదో చూపే బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. ఆయన పుట్టింది 1732లో. ఇల్లు 1779 క్రిస్మస్ రోజున కాలిపోయిందని చెబుతారు. తర్వాత ఆయన భార్య మార్తా మనవడు కస్టిస్ వచ్చి, "ఇక్కడే పుట్టారు" అని చెక్కిన రాయి ఒకటి పెట్టాడు. కొన్నేళ్లకి ఆ రాయే మాయమైపోయింది. 1896లో రాతి స్తంభం నిలబెట్టారు, మెమోరియల్ హౌస్ కట్టేటప్పుడు దాన్నీ పక్కకి జరిపారు. మనం లోపలికి వెళ్లే దారిలో కనిపించేది అదే. చివరికి 1936లో తవ్వితే ఇటుకల ఇంటికి కాస్త దూరంలో పెద్ద పునాదులు బయటపడ్డాయి, అసలు ఇల్లు అదేనని అన్నారు. ఆ పునాదులని ఎలా అర్థం చేసుకోవాలన్న దాని మీద పురావస్తు పరిశోధకులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు.

అందుకే నా మనవి ఏమిటంటే, పిల్లల్ని ముందు ఇటుకల ఇంటికి తీసుకెళ్లొద్దు. పునాదుల దగ్గరికే తీసుకెళ్దాం. గడ్డిలో ఆల్చిప్పల ముక్కలు తెల్లగా పరిచి, గోడలు ఎక్కడెక్కడ ఉండేవో గీత గీసినట్టు చూపించారు. పిల్లలు ఆ గీత వెంట నడిస్తే ఇల్లు ఎంత ఉండేదో వాళ్లకే తెలుస్తుంది. నాలుగో తరగతి వాళ్లు స్కూల్లో వర్జీనియా స్టడీస్ చదువుతున్నారు కాబట్టి బాగా ఎక్కుతుంది. ఆల్చిప్ప ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోకుండా చూడటం మన పూచీ.

ఫ్లయర్ డిజైన్:
సరే అక్కా. "వాషింగ్టన్ పుట్టిన చోటు" అని మారుస్తున్నా. ఫొటో కూడా నది వైపుది పెడతా.

రవాణా:
మాది ఒంగోలు వైపు, అందుకని ఒక మాట. ఆ కుటుంబం బతికింది పొగాకు మీద కదా? మన దగ్గర వర్జీనియా పొగాకు బ్యారన్లు (మంట వేడితో ఆకు ఆరబెట్టే కొట్టాలు) చూసినవాళ్లు చాలామంది వస్తున్నారు. దాని గురించి కూడా చెబితే బాగుంటుంది.

పిల్లల బృందం:
తప్పకుండా అన్నా, మీరే చెప్పండి. అక్కడ అప్పట్లో ఆకుని ఎక్కువగా మంట లేకుండా కొట్టాల్లో వేలాడదీసి గాలికే ఆరబెట్టేవాళ్లు. నారు నాటడం, తలలు తుంచడం, ఆకు ఆకూ తిప్పి పురుగు ఏరడం అంతా చేత్తోనే. ఆ పని చేసింది ఎక్కువగా బానిసలుగా ఉంచిన ఆఫ్రికన్లూ వాళ్ల పిల్లలూ. స్తంభాలూ స్మారకాలూ వాళ్ల కోసం కట్టినవి కావు. అందుకే ఈ భాగం మనం దాటేయకూడదని నాకు గట్టిగా ఉంది. వాషింగ్టన్ మూడేళ్లు దాటాక అక్కడి నుంచి వెళ్లిపోయారు, పొలంలో పని మాత్రం ఆగలేదు. పిల్లలకి ఇది కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.

పూజ ఏర్పాట్లు:
కుండీలో ఉసిరి మొక్క మేం తెస్తాం. దీపం పెట్టుకోవచ్చా అమ్మా?

కార్యక్రమ సమన్వయం:
బాబాయ్ గారూ, అనుమతి అడిగేటప్పుడు అది కూడా అడుగుతాను. ఒప్పుకోకపోతే బ్యాటరీ దీపం పెట్టి పూజ కానిద్దాం. ఎండు ఆకులున్న చోట నిప్పు వద్దు.

వంటలు:
పులిహోర, దద్దోజనం, గారెలు ఖాయం. అక్కడ వేడి చేసుకునే వీలుండదు కాబట్టి చల్లారినా తినగలిగినవే తెండి. పప్పుచారు మూత బిగుతుగా ఉన్న ఫ్లాస్కుల్లో. ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, విస్తరాకులు నేను తెస్తున్నా. చెత్త సంచులు ఎవరు తెస్తారు?

రవాణా:
చెత్త సంచులు నావి. తిరుగు ప్రయాణంలో చెత్త కూడా నా వ్యాన్‌లోనే వేయండి.

పిల్లల బృందం:
పునాదుల దగ్గర నడకకి నాతో పాటు పెద్దవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి. భోజనాలకి ముందే, పదకొండింటికి మొదలుపెడదాం. తిన్నాక పిల్లలు నది ఒడ్డుకి పరిగెడతారు, ఇక దొరకరు. ఎవరు వస్తారో ఇక్కడే రాయండి.