బియ్యం "నిండుకున్నాయి" అంటే కొనాలా, అక్కర్లేదా?

మొన్న ఇంట్లో బియ్యం నిండుకున్నాయని మావాడికి మెసేజ్ పెట్టాను. "అయితే ఈ నెల కొనక్కర్లేదు కదా" అని జవాబిచ్చాడు. వాణ్ణేమనను? శ్రీశైలం 'నిండుకుండ' అని పేపర్లో వస్తే గేట్లెత్తుతారని, ఖజానా 'నిండుకుంది' అని వస్తే పైసా లేదని మనమే అర్థం చేసుకుంటున్నాం.

"లేవు" అనలేక పుట్టిన మాట ఇది. సంజెవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, లేదంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. దీపం కొండెక్కడం, గాజు పెరగడం ఈ బాపతే. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

కానీ మా అమ్మ డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యాక ఈ మాట అనేది కాదు. సోల అడుక్కి తగిలి టంగుమన్న రోజు అనేది. అడుగున గుప్పెడు అలాగే ఉంచి, కొత్త బియ్యం దాని మీదే పోసేది. ఆవిడ లెక్కలో ఆ డబ్బా ఎన్నడూ ఖాళీ కాలేదు. చుట్టాలు కూర్చునున్నా నాన్నకు వినబడేలా అనేసేది. వాళ్లకీ అర్థమయ్యేదనుకోండి, విననట్టే ఉండేవారు.

అక్షయపాత్ర కథ చూడండి. ఎంత అక్షయమైనా ద్రౌపది తిన్నాక ఆ పూటకి అంతే. దుర్వాసుడు శిష్యులతో వచ్చింది సరిగ్గా అప్పుడే. కృష్ణుడు గిన్నె తెప్పించి, అంచుకు అంటుకున్న కాస్తంత ఆకుకూర నోట్లో వేసుకున్నాడు. అక్కడా అడుగూ బొడుగే ఆదుకుంది.

వ్యాఖ్యలు:

— మా వరంగల్ దిక్కు సీదా 'ఒడిసినయ్' అంటం సార్, దాచుడేం లేదు. కానీ వడ్లు కొలిచేటప్పుడు మా తాత 'ఒకటి' అనకపోతుండె. మొదటి కుంచానికి 'లాభం' అని, తర్వాత రెండు, మూడు అని లెక్కపెడుతుండె.

— 'కొను' చేరితే అర్థం తిరగబడాలని వ్యాకరణంలో ఎక్కడుందండీ? కళ్లలో నీళ్లు నిండుకున్నాయంటే నిండాయనేగా?

— నిజమేనండీ, వ్యాకరణానికి ఇందులో పనిలేదు. ఇంట్లో నిలవుండే బియ్యం, పప్పు, నూనె పక్కన చేరితేనే ఆ మాట తిరగబడుతుంది. కన్నీళ్లను ఎవరూ డబ్బాలో పోసుకోరు కదా! వడ్ల 'లాభం' గురించి చెప్పినాయనకు దండం, అది నాకు తట్టలేదు.

— మరి గ్యాస్?

— అదే చిత్రం. మా ఇంట్లో బియ్యం నిండుకుంటాయి గానీ గ్యాస్ మాత్రం 'అయిపోతుంది'. ఫోన్ ఛార్జింగూ అంతే. సిలిండర్ వచ్చినా మా అమ్మ దానికి ఈ మర్యాద ఇవ్వలేదు. మీ ఇళ్లలో ఎవరైనా 'గ్యాస్ నిండుకుంది' అనగా విన్నారా?