«రా డిస్క్» – ముడి డిస్కా, నేరు డిస్కా?

ప్రశ్న: వర్చువల్ మెషీన్ల (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్ల) మాన్యువల్ అనువదిస్తుంటే ఇంగ్లీషు «రా» (raw) అన్న మాట ఒకచోట «రా ఇమేజ్» అని, మరోచోట «రా డివైస్ మ్యాపింగ్» అని వస్తోంది. ముడిసరుకు, ముడిచమురు ఎలాగూ ఉన్నాయి కదా, రెండుచోట్లా «ముడి» అనేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. మొదటి «రా» బైట్లు లోపల ఎలా అమరి ఉన్నాయో చెబుతుంది. రెండోది ఆ బైట్ల దగ్గరికి ఏ దారిన వెళ్తున్నామో చెబుతుంది.

ఇమేజ్ అంటే వర్చువల్ మెషీన్ తన డిస్క్‌గా వాడుకునే డేటా. రా ఇమేజ్‌కి హెడరూ (మొదట్లో ఉండే వివరాల భాగం) లేదు, పట్టికలూ లేవు. గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపల నడిచే సిస్టమ్) 10,48,576వ బైటు అడిగితే ఇమేజ్‌లోనూ అదే స్థానంలోని బైటు ఇస్తే చాలు. క్యూకౌ2 (క్యూఎము అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ వాడే ఇమేజ్ ఫార్మాట్) అలా కాదు. «క్యూఎఫ్ఐ» అక్షరాలతో మొదలయ్యే హెడర్ ఉంటుంది. డేటా మామూలుగా 64 కిలోబైట్ల ముక్కలుగా ఉంటుంది, ఏ ముక్క ఎక్కడుందో రెండంచెల పట్టికలు చెబుతాయి. ఇదంతా ఫార్మాట్ సంగతి.

రా డివైస్ మ్యాపింగ్ వీఎంవేర్ మాట. స్టోరేజ్‌లోని ఒక లన్‌ను (డిస్క్‌లా కనిపించే భాగాన్ని) గెస్ట్‌కు అప్పగించడం. అక్కడ కనిపించే వీఎండీకే (వీఎంవేర్ డిస్క్ రకం) ఫైలు చిరునామా చీటీ లాంటిది, డేటా అందులో ఉండదు. దీన్ని «ముడి» అంటే అర్థం తప్పుతుంది. «నేరుగా అప్పగించిన డిస్క్» అనాలి, పొట్టిగా కావాలంటే «నేరు డిస్క్».

ఫార్మాట్, దారి – వీటిలో ఒకటి రెండోదాన్ని నిర్ణయించదు. క్యూకౌ2 మామూలు ఫైల్లోనూ ఉండొచ్చు, ఎల్‌వీఎం వాల్యూమ్ (లినక్స్‌లో డిస్క్ స్థలం నుంచి విడదీసిన భాగం) మీదా ఉండొచ్చు. రా కూడా అంతే. «బ్లాక్ డివైస్ (ఫైలు కాదు, డిస్క్‌లా కనిపించేది) కాబట్టి ఫార్మాట్ రా» అనుకుని వాల్యూమ్ మీదున్న క్యూకౌ2ను రా అని రాస్తే, గెస్ట్‌కు మొదటి సెక్టార్లో బూట్ రికార్డు బదులు క్యూకౌ2 హెడర్ కనిపిస్తుంది. బూట్ చేసేందుకు డిస్కే లేదంటుంది.

ఇంకొకరు: ఈ గందరగోళం తెలుగువాళ్లు తెచ్చింది కాదు లెండి. లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) వాడే ఎక్స్‌ఎంఎల్ చూడండి. «డిస్క్» ట్యాగులో «టైప్» ఉంటుంది, దాని లోపలి «డ్రైవర్» ట్యాగులో ఇంకో «టైప్» ఉంటుంది. బయటిది దారి: ఫైల్, బ్లాక్, నెట్‌వర్క్. లోపలిది ఫార్మాట్: రా, క్యూకౌ2. ఇవి చాలవన్నట్టు «టార్గెట్» ట్యాగులో «బస్» ఒకటి: వర్టియో, సాటా, స్కజీ. గెస్ట్‌కు ఏ రకం కంట్రోలర్ కనిపించాలో అది చెబుతుంది. «మా డిస్క్ వర్టియో ఫార్మాట్» అనేవాళ్లు ఈ మూడోదాన్ని తెచ్చి మొదటి రెండిట్లో కలుపుతున్నారు. అనువాదంలో రెండు «టైపు»లకూ «రకం» అని పెడితే చదివేవాడి గతి అంతే. బయటిదానికి «మూలం రకం», లోపలిదానికి «ఇమేజ్ ఫార్మాట్» అంటే తేడా నిలుస్తుంది.

మరొకరు: ఫార్మాట్‌కి సైతం «ముడి» నాకంత నచ్చదు. ముడిసరుకు అంటే తర్వాత శుద్ధి చేయాల్సింది. రా ఇమేజ్‌కి తర్వాత చేసే శుద్ధి ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు వాడేదే. «ఉత్త ఇమేజ్» అనొచ్చా?

జవాబు: «ఉత్త చేతులు» గుర్తొచ్చి ఖాళీ డిస్క్ అనుకుంటారండీ. «పచ్చి» అంటే పచ్చి అబద్ధం పక్కన చేరుతుంది. «ముడి డేటా» ఇప్పటికే వాడుకలో ఉంది కాబట్టి ఫార్మాట్ వరకు «ముడి ఇమేజ్» మేలు. జాగ్రత్త పడాల్సింది «ఫార్మాట్» అన్న మాటతోనే. «డిస్క్ ఫార్మాట్» అని రాస్తే మనవాళ్లకు డిస్క్ చెరిపేయడమే స్ఫురిస్తుంది. ఎప్పుడూ «ఇమేజ్ ఫార్మాట్» అనే రాయండి.

ఇంకొకరు: పేరు చివరి «.ఐఎంజీ» చూసి ముడి ఇమేజ్ అని రాసేయకండి. ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లు ఆ పేరుతోనే వస్తాయి, లోపల క్యూకౌ2. వాటిని డీడీతో (బైట్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసే కమాండ్‌తో) డిస్క్ మీదికి ఎక్కిస్తే హెడరూ పట్టికలూ అలాగే ఎక్కుతాయి, బూట్ అవదు. ముందు «క్యూఎము-ఐఎంజీ ఇన్ఫో» కమాండ్‌తో ఫార్మాట్ చూసి, తర్వాత «కన్వర్ట్»లో అవుట్‌పుట్ ఫార్మాట్ రా అని ఇచ్చి డివైస్ మీదికి రాయాలి.

ఫార్మాట్ చెప్పకుండా వదిలేసినా ముప్పే. క్యూఎము మొదటి బైట్లు చూసి ఊహిస్తుంది. ముడి ఇమేజ్‌లో మొదటి సెక్టార్ గెస్ట్ చేతిలోనే ఉంటుంది కదా, హోస్ట్‌లోని (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్‌లోని) ఫైలును బ్యాకింగ్ ఫైల్‌గా (తనలో లేని డేటాకు ఆధారంగా) చూపే క్యూకౌ2 హెడర్ అక్కడ రాసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు గెస్ట్ ఆ ఫైలును చదివేయగలదు. అందుకే ఊహించి రా అని తేల్చినప్పుడు క్యూఎము హెచ్చరిస్తుంది, సున్నా బ్లాకు మీద రాతల్ని కట్టడి చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే వర్చువల్‌బాక్స్ అనే ఇంకో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో «రా డిస్క్ వీఎండీకే» అని ఉంది. అది ముడా, నేరా?

జవాబు: నేరు. ఆ వీఎండీకే కూడా ఏ డివైస్ తెరవాలో చెప్పే చిన్న ఫైలే. దాన్ని ఇంకో మెషీన్‌కి కాపీ చేస్తే చీటీ వెళ్తుంది, డేటా వెళ్లదు. మాన్యువల్‌లో ఆ మాట పక్కనే ఇంకో వాక్యం కూడా చేర్చండి: నేరుగా ఇచ్చిన డిస్క్‌లోని పార్టిషన్ హోస్ట్‌లో మౌంట్ అయి ఉండకూడదు. రెండువైపులా ఒకేసారి రాస్తే ఫైల్‌సిస్టమ్ పాడవుతుంది. లినక్స్‌లో ఎస్‌డీబీ లాంటి డిస్క్ పేరు రీబూట్‌కి మారిపోవచ్చు కాబట్టి డిస్క్ గుర్తింపుతో ఉండే «బై-ఐడీ» దారి ఇవ్వమని కూడా రాయండి.