ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కి ఆదాయ సర్టిఫికెట్ ఎవరి పేరు మీద తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను సికింద్రాబాద్‌లో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. ఆరో తరగతి నుంచి శిశు సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద ఒక ఆంటీ వాళ్లింట్లో పెరుగుతున్నాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆంటీ బల్ల తుడిచి, ఫ్యాన్ నా వైపు తిప్పి వెళ్తారు. అక్కడే చదువుకుంటాను.

ఎప్‌సెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష)లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. లెక్కలు పర్లేదు. ఫిజిక్స్‌కే టైమ్ చాలడం లేదు. నెగెటివ్ మార్కులు లేవు. టైమ్ కలిసిరావడానికి ముందు కెమిస్ట్రీ ముగించేయడం మంచిదేనా?

అసలు టెన్షన్ వేరే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ సర్టిఫికెట్ కావాలి. కౌంటర్‌లో నాన్న ఆధార్ అడిగారు. ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు. ఉత్తర్వు కాపీ చూపిస్తే పక్కన పెట్టేశారు. ఏప్రిల్‌లో నాకు 18 నిండుతాయి. 18 నిండి సంరక్షణ సంస్థల నుంచి బయటికొచ్చినవాళ్లకి 21 ఏళ్ల వరకు ఆఫ్టర్‌కేర్ సాయం ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. ఇంట్లో పెరిగిన నాకు అది వర్తిస్తుందో లేదో తెలియదు. నాలాగే పెరిగి ఇంజినీరింగ్‌లో చేరిన అక్కలు, అన్నలు ఎవరైనా ఉంటే, ఏ కాగితంతో పని జరిగిందో దయచేసి చెప్పండి.