పాట తెల్వకున్నా డ్రమ్మర్ ఎవరో ఎట్ల గుర్తుపడ్తరు?

కాజీపేట కిట్టు:
అన్నలూ, కాలేజీ ఫెస్టు కోసం బ్యాండుల డ్రమ్స్ వాయిస్తున్న. టెంపో తప్పుతలేదు, స్పీడు గూడ వచ్చింది. అయినా మా గిటారిస్టు "అందరి లెక్కనే ఉన్నది, నీ లెక్క లేదు" అంటున్నడు. పెద్ద రాక్ డ్రమ్మర్లను జరంత వింటెనే గుర్తుపడ్తరు గదా, అది దేనివల్ల?

సిర్ర సిటికెన, హన్మకొండ:
తమ్మీ, స్పీడును పక్కకు పెట్టు. నేను డప్పు మీదికెళ్లి డ్రమ్స్‌కు వచ్చినోన్ని. మా వాడల బోనాలకు డప్పు మోగుతుంటె, ఇంట్ల కూసోనే ఎవరు కొడ్తున్నరో చెప్తం. దరువు అందరిదొక్కటే. సిర్ర (లావు కట్టె) దెబ్బకు, సిటికెన (సన్న) పుల్లకు నడుమ ఇడిసే సందు మాత్రం ఎవరిది వాళ్లదే.

రాక్‌ల గూడ గదే. బీటిల్స్ బ్యాండు డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతి వాటం మనిషి, డ్రమ్స్ కిట్టేమో కుడిచేతోళ్ల లెక్క పెట్టుకునేటోడు. స్నేర్ (టక్కుమని మోగే డ్రమ్ము) మీదికెళ్లి టామ్‌లకు (ధమ్మని మోగే డ్రమ్ములకు) పోయేటప్పుడు ఎడమచెయ్యి ముందల పడ్తది, అందుకే ఆయన ఫిల్స్ (బీట్ నడుమ వాయించే చిన్న ముక్కలు) వేరేటోళ్లకు అట్ల రావు. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ అయితే నాలుగు లెక్కలల్ల 2, 4 మీద స్నేర్ కొట్టేటప్పుడు హై-హ్యాట్ (జంట తాళాలు) మీదికెళ్లి కుడిచెయ్యి లేపేటోడు. స్నేర్ ఒక్కటే సాఫ్‌గ పడ్తది. అందరు హై-హ్యాట్ కొట్టేకాడ ఆయన కొట్టకపోయేటోడు! నాకు అన్నిట్ల కంటె ఇష్టమైంది ఇదే.

లెడ్ జెప్లిన్ బ్యాండు డ్రమ్మర్ బోన్‌హమ్ సంగతి కుడికాలుల ఉన్నది. వాళ్ల 1969 మొదటి ఆల్బమ్‌ల మొదటి పాట ఇను. కాలుతోని కొట్టే ఒక్క పెడల్ మీదనే ట్రిప్లెట్లు (మూడేసి దెబ్బల లెక్క), ఇంటె రెండు కాళ్లతోని కొట్టినట్టే ఉంటది.

ఓరుగల్లు సౌండ్:
అన్న మాట నిజమే గని, డ్రమ్స్ కిట్టు సౌండును గూడ ఇడిచిపెట్టకుర్రి. అదే బోన్‌హమ్‌కు 1971 ఆల్బమ్‌ల ఒక పాట కోసం హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగ్ల మెట్లకాడ కిట్టు పెట్టి, పైనుంచి రెండు మైకులు ఏలాడదీసిన్రు. ఆ గోడల మోత లేకుంటె ఆ దెబ్బ అంత బరువుగ ఇనబడదు. ద పోలీస్ బ్యాండు డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లండ్ స్నేర్‌ను బాగ బిగిస్తడు, ఎంత లొల్లిల ఉన్నా టక్కున తెలుస్తది.

కాజీపేట కిట్టు:
మరి మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లెక్క చెప్పేది) బంద్ చెయ్యాల్నా అన్నా?

సిర్ర సిటికెన, హన్మకొండ:
వద్దు వద్దు. మెట్రోనోమ్ 2, 4 మీదనే మోగేటట్టు పెట్టుకొని ఒక్కటే బీట్ వాయించు, ఫిల్స్ లేకుంట. స్నేర్‌ను ఒకసారి వెంట్రుకంత ఎనుకకు, ఒకసారి ముందుకు కొట్టు. ఫోన్ల రికార్డు చేసి మీ గిటారిస్టుకు ఇనిపియ్యి. ఇక్కడ గూడ పెట్టు తమ్మీ, మేం ఇంటం.