హ్యాంక్ విలియమ్స్‌ను ఓప్రీ తీసేయడం న్యాయమేనా? ఇప్పుడైనా తిరిగి చేర్చుకోవాలా?

శనివారం_రేడియో:
విషయం తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. హ్యాంక్ విలియమ్స్ అమెరికాలో కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లె బాణీ పాటలు, పాడిన గాయకుడు. గ్రాండ్ ఓల్ ఓప్రీ అంటే నాష్‌విల్‌లో జనం ముందు జరిగే కంట్రీ పాటల రేడియో షో; అందులో తరచూ పాడే కళాకారులకి సభ్యత్వం ఇస్తారు. 1952 ఆగస్టు 11న ఓప్రీ హ్యాంక్‌ను తీసేసింది. ప్రోగ్రాంకి తాగి వస్తున్నాడని, ఒక్కోసారి అసలు రావడమే లేదని. ఆ తర్వాత ఆయన ఐదు నెలలు కూడా బతకలేదు. 1953 జనవరి 1న ఒహాయోలోని క్యాంటన్‌లో షోకి వెళ్తూ కారు వెనకసీట్లోనే పోయాడు. అప్పటికి 29 ఏళ్లు. సభ్యత్వం తిరిగి ఇవ్వమని మనవడు హ్యాంక్ త్రీ, అభిమానులు ఏళ్లుగా అడిగారు. ఓప్రీ ఇవ్వలేదు. ఇవ్వాల్సిందే అంటాను నేను.

ఆయన పాడింది హాంకీ టాంక్ పాట. హాంకీ టాంక్ అంటే రోడ్డు పక్క బారు. ఆ గోలలో వినపడాలంటే గిటార్‌కి కరెంటు పెట్టాలి, గొంతు చీల్చుకోవాలి. అక్కడ పుట్టిన పాటను ఈయన చర్చి బెంచీలున్న రైమన్ హాల్లోకి తెచ్చాడు. అప్పట్లో ఓప్రీ జరిగేది అక్కడే. 1949 జూన్ 11న ఓప్రీలో మొదటిసారి ‘లవ్‌సిక్ బ్లూస్’ పాడితే జనం ఆరుసార్లు మళ్లీ పాడించారని చెబుతారు. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ లాగే. ఆ పాట 16 వారాలు కంట్రీ చార్టులో మొదటి స్థానంలో ఉంది.

పుట్టుకతోనే ఆయన వెన్నెముకలో లోపం ఉంది. 1951 డిసెంబర్‌లో ఆపరేషన్ చేశారు. సరిగ్గా కోలుకోకుండానే మళ్లీ టూర్లు, రాత్రంతా కారులో ప్రయాణాలు. మన భాషలో సారాయినీ మందే అంటాం, నొప్పికి వేసేదీ మందే. ఆయనకి ఆ రెండింటికీ తేడా లేకుండా పోయింది. చివర్లో ఆయనకి మత్తుమందు రాసిచ్చినవాడు అసలు డాక్టరే కాదు, దొంగ సర్టిఫికెట్ పెట్టుకున్న మోసగాడు. జబ్బు మనిషిని కదండీ వాళ్లు బయటికి పంపింది!

హార్మోనియం_మనవరాలు:
మీ బాధ అర్థమైంది. కానీ ఎదురుచూసినవాళ్ల గురించి ఒక్క మాటైనా రాయలేదు మీరు.

మా తాతయ్య పద్యనాటకాల్లో హార్మోనియం వాయించేవారు. హీరో వేషగాడు తాగి పడిపోయిన రాత్రుల్లో జనం లేచిపోకుండా ఆయనే రాగం మీద రాగం లాగేవారు. గంట, గంటన్నర. ఇంటికొచ్చాక ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవారు, బెలోస్ కొట్టీ కొట్టీ. నాటకం పడలేదు కాబట్టి ఆ రోజు డబ్బులూ ఉండవు. ఆ వేషగాడి గొంతు గురించి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తాతయ్య పేరు ఎవరికీ గుర్తులేదు.

హ్యాంక్ వెనకా బ్యాండ్ ఉంది, టికెట్ కొన్న జనం ఉన్నారు. తీసేయడం తప్పని నేను అనను.

నాష్‌విల్_లక్ష్మి:
ఒక విషయం ఇద్దరూ వదిలేశారు. ఓప్రీని నడిపిన డబ్ల్యూఎస్ఎం రేడియో ఒక ఇన్సూరెన్స్ కంపెనీది. ఇంటింటికీ తిరిగి పాలసీలు అమ్మే కంపెనీకి పరువే పెట్టుబడి. వాళ్లు ఆయన నొప్పిని చూశారో, తమ పేరును చూసుకున్నారో మీరే ఆలోచించండి.

సభ్యత్వం బతికున్న కళాకారులకే అన్నది రూలు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకూ అది సబబుగానే తోచింది. తర్వాత ఒకసారి టూర్‌లో కొత్త ఓప్రీ హాలు చూశాను. 1974లో అక్కడికి మారినప్పుడు రైమన్ స్టేజీ నుంచి చెక్కను గుండ్రంగా కోసి తెచ్చి, కొత్త స్టేజీ మధ్యలో బిగించారు. దాని మీద గీతలు, చెప్పుల అరుగుడు ఇంకా కనిపిస్తున్నాయి. కొత్త సభ్యులు అక్కడే నిలబడి పాడతారు. హ్యాంక్ పాడిన స్టేజీ చెక్కను అంత భద్రంగా మోసుకొచ్చినవాళ్లు, పేరు దగ్గర రూలు చదువుతున్నారు. నాకది మింగుడుపడలేదు.

హార్మోనియం_మనవరాలు:
లక్ష్మి గారూ, ఆయన పేరుకి ఏం తక్కువైంది? 1961లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి ముగ్గురిలో ఒకరు. 2010లో పులిట్జర్ ప్రత్యేక గౌరవం.

శనివారం_రేడియో:
హార్మోనియం గారూ, మీ తాతయ్య గారి మాట చదివాక నా వాదనలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఆగస్టులో ఆయన్ని స్టేజీ ఎక్కించకపోవడం తప్పు కాదు. కానీ అప్పటికి ఆయన పని అయిపోలేదు. తీసేసిన ఆరు వారాలకి, సెప్టెంబర్ 23న, ‘యువర్ చీటిన్ హార్ట్’ రికార్డు చేశాడు. ఆయన స్టూడియోలో రికార్డు చేసిన ఆఖరి రోజు అదే. ఆయన పాట ‘జంబలయ’ చార్టులో మొదటి స్థానానికి ఎక్కిందీ ఆ సెప్టెంబర్‌లోనే. ష్రీవ్‌పోర్ట్‌లోని లూసియానా హేరైడ్ అనే రేడియో షో వాళ్లు అదే మనిషిని, అదే తాగుడుతో, మళ్లీ రానిచ్చారు. ఓప్రీ కంటే చిన్న వేదిక అది.

సభ్యత్వం కుదరదంటే మానేయనివ్వండి. ఆ తొలగింపును రద్దు చేశామని ఒక కాగితం ఇవ్వొచ్చు కదా.

హార్మోనియం_మనవరాలు:
ఆ కాగితానికి నేనూ ఒప్పుకుంటాను. అందులో ఆయన బ్యాండు డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ పేర్లు కూడా రాయాలి. స్టీల్ గిటార్ డాన్ హెల్మ్స్, ఫిడిల్ జెర్రీ రివర్స్. అందరి పేర్లూ.