‘చెయ్యి విడిచితివి’: ఇందులో చెయ్యి ఎక్కడి నుంచి వచ్చింది?

మన భాషా గ్రూపులో అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట ఇది. శుభ శుక్రవారం నాడు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఒక్కొక్కటిగా చదువుతారు కదా, అందులో నాలుగోది మత్తయి 27:46, ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’. మాది విశాఖ పాత ఊరు. చిన్నప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు గానీ, ఈ ఏడాది వింటుంటే ‘చెయ్యి’ దగ్గర ఆగిపోయాను. యేసు ఈ మాట అన్నది అరమాయిక్‌లో. ‘సబక్తానీ’ అంటే నన్ను వదిలేశావు, అంతే. సువార్త రాసిన గ్రీకులో కూడా వదిలేయడం, వెనక వదిలిపోవడం అనే అర్థమే ఉంది గానీ చెయ్యి లేదు. తెలుగులోకి వచ్చేసరికి చెయ్యి వచ్చింది!

ఇంకో తమాషా ఏంటంటే ఆయన పలికింది 22వ కీర్తన మొదటి మాటే, కానీ మన బైబిల్లో అక్కడ ‘నీవు నన్నేల విడనాడితివి’ అని ఉంటుంది. ఒకే వాక్యం, ఒకే బైబిలు, రెండు తెలుగులు. కీర్తనలోది పద్యం చదివినట్టు ఉంటే సువార్తలోది వీధిలో ఎవరో ఏడుస్తున్నట్టు ఉంటుంది. (అన్నట్టు ఈ మాట మీద మొదటి భాషా చర్చ సిలువ కిందే జరిగింది. ఆయన ‘ఏలీ’ (నా దేవా) అని అరిస్తే అక్కడున్న కొందరు పాతకాలపు ప్రవక్త ‘ఏలీయాను పిలుస్తున్నాడు’ అనుకున్నారు.)

నాకు ఇది ఎందుకు పట్టుకుందో కూడా చెప్పేస్తాను. నాన్న పోర్టులో కలాసీగా చేసేవారు. పోయిన ఏడాది నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చివరి వారం డాక్టర్లు చేతులెత్తేశారు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన మంచం పక్కన కూర్చుని ‘దేవుడు అనుమతించాడు బాబూ, మనం ఒప్పుకోవాలి’ అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, అది నాకు తెలుసు. కానీ ఆ ‘అనుమతించాడు’ అనే మాట నాకు మునిసిపాలిటీ వాళ్లు ఇంటి ప్లాన్ పాస్ చేసినట్టు వినిపించింది. ఎక్కడో ఒక టేబుల్, దాని మీద ఒక ఫైలు, దాని మీద ఒక సంతకం. అమ్మ మాత్రం ఆ మాట పట్టించుకోకుండా నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుంది, సెలైన్ సూది ఉన్న చెయ్యి కాదు, రెండోది, తాళ్లు లాగి లాగి వేళ్లు వంకర్లు పోయిన చెయ్యి.

అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతున్నది ఒక్కటే. తెలుగులో ‘చేతులెత్తేయడం’ వేరు, ‘చెయ్యి విడవడం’ వేరు. చేతులెత్తేసినవాడికి చేతకాలేదు. చెయ్యి విడిచినవాడు పట్టుకోగలడు, అప్పటిదాకా పట్టుకునే ఉన్నాడు, వదిలాడు. దేవుడికి చెడును ఆపాలని ఉన్నా ఆపలేడా, ఆపగలిగినా ఆపడా అనే ప్రశ్న గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ వేశాడని తొలినాటి క్రైస్తవ రచయిత లాక్టాన్షియస్ రాశాడు. అది క్రైస్తవులకు పదిహేడు వందల ఏళ్లుగా ఉన్న తలనొప్పి. ఆ ప్రశ్నకున్న రెండు కొసలూ మనకి రెండు జాతీయాల్లో దొరుకుతున్నాయి, సిలువ మీద వినిపించేది అందులో కష్టమైనది. ఈ చెయ్యి అనువాదకుడి సొంతమా, లేక తెలుగులో అలా తప్ప అనలేమా? మీరేమంటారు?

కామెంట్:
మంచి ప్రశ్న తమ్ముడూ. గ్రీకులో అక్కడున్న క్రియ ‘ఎంకటలేయిపో’. అదే క్రియ కొత్త నిబంధనలో ఇంకా చాలాచోట్ల ఉంది, మనవాళ్లు చోటుకో తెలుగు వాడారు. హెబ్రీయులకు 13:5లో ‘నిన్ను ఎన్నడును ఎడబాయను’. రెండో తిమోతి 4:10లో దేమా అనే అతను పౌలును ‘విడిచి’ థెస్సలొనీకకు వెళ్లాడు, అక్కడ ఉత్త విడవడమే, చెయ్యి లేదు. రెండో కొరింథీయులకు 4:9 అయితే నాకు అన్నిటికంటే ఇష్టం, ‘తరుమబడుచున్నను దిక్కులేనివారము కాము’. గ్రీకులో ‘వదిలేయబడినవాళ్లం కాము’ అని ఉన్నదాన్ని ‘దిక్కులేనివారము కాము’ అన్నాడు చూడండి, దిక్కులేనివాడికి దేవుడే దిక్కు అనే ఊళ్లో పుట్టినవాడికే తోచే మాట అది. కాబట్టి వాళ్లు మాటకు మాట పెట్టుకుంటూ పోలేదు. మనిషి వెళ్లిపోతే విడిచాడు, మాట ఇచ్చేటప్పుడు ఎడబాయను, సిలువ మీద చెయ్యి. ఆలోచించే పెట్టారు.

కామెంట్:
మాస్టారూ, ‘ఆలోచించే పెట్టారు’ అనడం కొంచెం ఎక్కువేమో. ‘చెయ్యి విడవడం’ అనేది పాత తెలుగులో మామూలు వాడుకే, సాయం మానేశాడు అనడానికి. ఇప్పుడు మనం ‘నన్ను వదిలేశాడు’ అంటే అందులో వదలడాన్ని ఊహించుకుంటామా? అలాగే ఇందులోనూ చెయ్యి చచ్చిపోయిన మాటే. పోస్ట్ పెట్టిన మీరు దుఃఖంలో ఉన్నారు కాబట్టి అది బతికింది. తప్పుగా అనుకోవద్దు.

పోస్ట్ చేసినవారి జవాబు:
తప్పుగా ఎందుకు అనుకుంటానండీ, నిజమే అయ్యుండొచ్చు. కానీ చచ్చిపోయిన చెయ్యి ఇంత సులువుగా లేచి కూర్చోదు. ‘చెయ్యిచ్చాడు’ అంటే మోసం చేశాడని కదా, అది విన్నప్పుడు ఎవరికీ చెయ్యి కనబడదు, ఒప్పుకుంటాను. ‘చెయ్యి విడిచాడు’ అలా కాదు, కళ్ల ముందు ఇద్దరు మనుషులు కనబడతారు, అందులో ఒకరు పెద్ద, ఒకరు చిన్న. ఐదేళ్లప్పుడు కురుపాం మార్కెట్లో నాన్న సంచీ ఎత్తుకోవడానికి నా చెయ్యి వదిలారు. నిమిషం కూడా అయ్యుండదు. నా ఎదురుగా అందరి మోకాళ్లు, లుంగీలు, ఉల్లిపాయల బస్తాలు. ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నారు, నాకు కనబడలేదంతే. నేను ‘నాన్నా’ అని అరవలేదు, ‘నాన్నా ఎందుకొదిలీసేవు’ అని అరిచానట, అమ్మ ఇప్పటికీ అది చెప్పి నవ్వుతుంది.

కామెంట్:
అన్నా, పాత నిబంధనలో యోబు గ్రంథం కూడా చూడండి, ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న మనిషి కథ. అక్కడ దేవుడి చెయ్యి మూలంలోనే ఉంది, కానీ పని వేరు. సాతాను దేవుడితో ‘నీవు నీ చేయి చాపి’ వాడికున్నదంతా మొత్తు, అప్పుడు చూద్దాం అంటాడు (1:11). తర్వాత యోబే ‘దేవుని హస్తము నన్ను మొత్తియున్నది’ అని స్నేహితుల్ని బతిమాలుకుంటాడు (19:21). 32వ కీర్తనలోనూ ‘నీ చెయ్యి నామీద బరువుగా నుండెను’. అంటే పాత నిబంధనలో బాధపడేవాడి ఫిర్యాదు చెయ్యి మీద పడిందని, మన తెలుగు సిలువ మీద ఫిర్యాదు చెయ్యి లేదని. దెబ్బ కొట్టే చెయ్యైనా కనీసం దగ్గర్లో ఉన్నట్టే కదా అనిపించింది చదువుతుంటే. వింత ఆలోచనే, తెలుసు.

కామెంట్:
ఈ తెలుగు మొదలైంది మన ఊళ్లోనే అని ఎవరూ అనలేదేం? 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని, క్రైస్తవం తీసుకున్న ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో అచ్చయింది 1812లో. అంటే ఇద్దరూ పుస్తకం కళ్లచూడలేదు. తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన పూర్తిచేస్తే 1818లో మద్రాసులో అచ్చయింది. ఆ పైన ఎన్నో చేతులు మారి, ఎన్నోసార్లు దిద్దుబాటయ్యి ఇప్పటి పాఠం వచ్చింది. తెలుగు పూర్తిగా నాలుకకి పట్టకముందే జ్వరాలతో పోయే ఊళ్లో కూర్చుని ‘నన్నెందుకు’ అనే వాక్యాన్ని తెలుగు చెయ్యాల్సి రావడం, నాకు దాని మీదే ధ్యాస పోతుంది.

కామెంట్:
‘నన్నెందుకు’ గురించి ఒక మాట. ‘ఎందుకు’లో ‘కు’ ఉంది కదా, అది దేనికోసం అని అడుగుతుంది. ఏ కారణంగా అని అడగాలంటే మనకి ‘ఎందువల్ల’, ‘ఎందుచేత’ వేరే ఉన్నాయి, కానీ మాట్లాడేటప్పుడు రెంటికీ ‘ఎందుకు’ అనేస్తాం. గోలంతా ఇక్కడే. యోహాను 9లో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి అడిగింది ఎందువల్ల అని, ‘ఎవడు పాపము చేసెను? వీడా వీని కన్నవారా?’ యేసు ‘ఎందువల్ల’ను పక్కన పడేసి ‘దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే’ అన్నాడు. ఆ వెంటనే ఉన్న ‘వీడు గ్రుడ్డివాడుగా పుట్టెను’ అనేది గ్రీకులో లేదు, తెలుగు వాక్యం నిలబడాలని అనువాదకులు కలిపింది. అది కలిపేసరికి దేవుడే పనిగట్టుకుని గుడ్డివాణ్ణి చేశాడన్నట్టు వినిపిస్తుంది. చెయ్యి కలిపితే అందం వచ్చింది, ఇది కలిపితే చిక్కు వచ్చింది.

కామెంట్:
ఆ ‘ఎందువల్ల’ మాకు హుద్‌హుద్ తుఫాను అప్పుడు బాగా అనుభవమైంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా సంఘంలో ఆ పూట ఆరాధన లేదు, పైకప్పే లేదు. వారం తిరక్కుండా బయట ఊరి నుంచి ఒకాయన వచ్చి విశాఖలో పాపం పెరిగింది కాబట్టే గాలి వచ్చిందని ప్రసంగించాడు. మా అత్త లేచి లూకా 13 తీసి చదివింది, సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా అని యేసు అడిగిన చోటు. చదివి కూర్చుంది, ఇంకేం అనలేదు. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి గ్యాస్ లీకై పన్నెండు మంది పోయినప్పుడు మాత్రం ఎవరైనా ‘దేవుడు అనుమతించాడు’ అంటే నాకు ఒళ్లు మండేది. ట్యాంకు చల్లగా ఉంచాల్సింది మనుషులు. అక్కడ ‘జరిగింది’ అనకూడదు, ‘చేశారు’ అనాలి. ఇది భాషా గ్రూపే కాబట్టి అంటున్నాను.

పోస్ట్ చేసినవారి జవాబు:
అక్కా, ‘జరిగింది’ కాదు ‘చేశారు’ అనాలన్న ఆ మాట నేను రాసుకుంటున్నాను. గాలివానకీ గ్యాసుకీ ఒకే క్రియ వాడటం దగ్గరే సగం మోసం ఉంది. నాన్నది ఈ రెండిట్లో ఏదో నాకు ఇంకా తెలియలేదు, ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు కదా.

‘చెయ్యి చచ్చిపోయిన మాట’ అన్నవారికి ఇంకో సంగతి చెప్పాలి. నిన్న ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ పుట్టిల్లు పెదజాలరిపేట. వాళ్లింటి దగ్గర ఒకావిడ భర్త వేటకెళ్లి తిరిగి రాలేదట, అమ్మ చిన్నప్పుడు. ఆవిడ రోజూ సాయంత్రం ఇసకలో నిలబడి సముద్రం వైపు చూసి ‘సెయ్యిడిసీసినావు గదరా సామీ’ అనేదట. ఆవిడ బైబిలు ముట్టుకున్న మనిషి కాదు. ‘సామీ’ అన్నది దేవుణ్ణో మొగుణ్ణో ఎవరికీ తెలిసేది కాదని అమ్మ అంది. చీకటి పడ్డాక కొంగు దులుపుకుని ఇంటికెళ్లి పొయ్యి రాజేసేదట.