నెలకోసారి కడిగితే చాలంటున్న బార్ ఓనర్లతో ఎలా వేగాలి?

ప్రశ్న: నేనొక్కడినే చిన్నగా డ్రాఫ్ట్ బీర్ లైన్ (కెగ్ అనే బీర్ పీపా నుంచి ట్యాప్ దాకా బీర్ వచ్చే గొట్టం) క్లీనింగ్ మొదలుపెట్టాను. రెండు వారాలకోసారి కడగాలంటే ఓనర్లు నెలకోసారి చాల్లే అంటున్నారు, పైగా ఒకచోట కడిగాక కూడా బీర్‌లో వెన్న వాసన పోవట్లేదు, పేరు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: 14 రోజుల దగ్గర మాత్రం తగ్గకండి. ఆ వాసన చాలావరకు బాక్టీరియా పనే. కాస్టిక్ (క్షార) ద్రావణాన్ని పంపుతో కనీసం 15 నిమిషాలు తిప్పుతున్నారా, లేక నింపి వదిలేస్తున్నారా? ట్యాప్‌లు, కెగ్ కప్లర్లు (కెగ్‌కి లైన్‌ని బిగించే భాగాలు) విప్పి బ్రష్‌తో తోమకపోతే లైన్ ఎంత కడిగినా దండగే.

జవాబు 2: ఇంకోటి, బీర్ స్టోన్ (లైన్ లోపల పేరుకునే గట్టి ఖనిజ పొర) కాస్టిక్‌తో సరిగా పోదు, మూడు నెలలకోసారి యాసిడ్ పట్టించాలి. రెండూ కలవకూడదు, మధ్యలో నీళ్లతో బాగా కడగండి. చివర్లో బయటికొచ్చే నీళ్ల పీహెచ్ మామూలు నీళ్లతో సమానమయ్యేదాకా వదలొద్దు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి (నేను ఒకసారి బద్ధకించి చెయ్యి కాల్చుకున్నా).

అడిగినవారు: నింపి వదిలేస్తున్నానండీ, తప్పు నాదే. ఇవాళ ట్యాప్ విప్పితే లోపలంతా నల్లటి జిగురు!

జవాబు 1: కడిగేయకండి, ముందు ఓనర్‌ని పిలిచి అది చూపించండి.